వరిచేను, యంత్రం, కూలిమనిషి

యంత్రాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనలో రెండు పక్షాలు తయారవుతాయి. విజ్ఞానం పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది, ఉత్పత్తి పెరిగితే పంచుకోవడానికి నలుగురికీ ఇంత మిగులుతుంది, కాబట్టి యంత్రాన్ని అడ్డుకునేవాడు పేదవాడి నోటి దగ్గర కూడు లాగేసేవాడే అంటుంది మొదటి పక్షం. యంత్రం ఎవడి చేతిలో ఉంటే లాభం వాడిది, అందుచేత వచ్చిన ప్రతి యంత్రమూ ఉన్నవాడికి కట్టబెట్టేదే, లేనివాడికి ఎగ్గొట్టేదే అంటుంది రెండో పక్షం. హాస్టల్ మెస్‌లో మొదలైన ఈ వాదం వక్తృత్వ పోటీ దాకా పోతుంది. కప్పు ఎవరో ఒకరు తెచ్చుకుంటారు. ప్రశ్న మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

దీనికి నాకు తోచే కారణం ఒకటే. రోకలి నుంచి కంప్యూటరు దాకా సమస్తాన్నీ "సాంకేతిక పరిజ్ఞానం" అనే ఒకే గోతాంలో కుక్కి, ఆ మూట మంచిదా చెడ్డదా అని అడుగుతున్నాం. మూట విప్పి ఒక్కొక్క వస్తువునూ బయటికి తీసి చూస్తే, ఒకటి బీదవాడికి నిజంగానే మేలు చేసిందనీ, మరొకటి వాణ్ణి అప్పుల్లో ముంచిందనీ, ఇంకొకటి ఒకే వీధిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకరికి ఊరటా ఇంకొకరికి ఉపవాసమూ తెచ్చిందనీ తెలుస్తుంది. ఈ వ్యాసానికి వరిపంటను తీసుకుంటున్నాను. మనం రోజూ తినే అన్నమే గనుక దాని కథ అందరికీ ఎంతో కొంత పరిచయమే.

అర్థశాస్త్ర విద్యార్థులు ముందుగా ఇంగ్లండు పేరెత్తుతారు గనుక ఆ ముచ్చట రెండు ముక్కల్లో ముగిద్దాం. 1811 నుంచి 1816 దాకా అక్కడ నేతపనివాళ్లు రాత్రిపూట గుంపులుగా వెళ్లి యంత్రాలు విరగ్గొట్టారు. 1812లో పార్లమెంటు ఆ నేరానికి మరణశిక్ష పెట్టింది. ఆ లుడైట్లను ఇప్పటికీ అభివృద్ధి నిరోధకులని వెక్కిరిస్తూనే ఉన్నాం. కాని డేవిడ్ రికార్డో అంతటి పండితుడు 1821లో తన గ్రంథం మూడో ముద్రణకు యంత్రాల మీద కొత్తగా ఒక అధ్యాయం చేర్చి, కార్మికుల భయం ఉత్త భ్రమ కాదని ఒప్పుకున్నాడు. రాబర్ట్ అలెన్ అనే ఆర్థిక చరిత్రకారుడు 2009లో వేసిన లెక్క ప్రకారం 1780కీ 1840కీ మధ్య బ్రిటన్‌లో ఒక్కో పనివాడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే, నిజవేతనం 12 శాతమే పెరిగింది. మిగిలిందంతా పెట్టుబడి ఖాతాలో పడింది. తర్వాత వేతనాలు పెరిగిన మాట నిజమే. "చివరికి అందరూ బాగుపడ్డారు కదా" అనేవారు ఒక్కటి గమనించాలి. అరవై ఏళ్లంటే ఒక మనిషి పుట్టి, పనిచేసి, పోయేటంత కాలం. ఆ "చివరికి" అన్న మాట వాడి జీవితకాలంలో రానేలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక డెల్టాల్లో ధాన్యం రాశులు పెరిగాయి. ఆ ధాన్యం బియ్యం కావాలంటే దంపాలి. ఉన్నవాళ్ల పెరళ్లలో కూలికి దంపే ఆడవాళ్లు ఉండేవారు. కూలి గింజల్లో ముట్టేది. దానితోపాటు నూకలో, చిట్టో, తవుడో ఇంటికి తెచ్చుకునేవారు. మర వచ్చి ఈ పనిని మింగేసింది. గాంధీగారు 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు దంపుడు బియ్యాన్ని ముఖ్య కార్యక్రమాల్లో ఒకటిగా చేర్చారంటే ఊరికే కాదు. దంపుడు పోయి మరపట్టిన తెల్లబియ్యం వచ్చిన చోట తవుడుతోపాటు విటమిన్లూ పోయాయి. ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి జబ్బుకు పేరుమోసినవని పాత వైద్య గ్రంథాల్లో కనిపిస్తుంది. బియ్యపు మిల్లులను అదుపు చేయడానికి 1958లో కేంద్రం ఒక చట్టం చేసింది. కొత్త మిల్లు పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా అనుమతి తీసుకోవాలంది. 1997లో ఆ చట్టాన్నే ఎత్తేశారు. ఎత్తేసేనాటికి కాపాడటానికి రోకళ్లు ఎక్కడ మిగిలాయి గనుక!

అయితే ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. కూలికి దంపే మనిషి సంగతి ఒకటి, సొంత ఇంటికి దంపుకునే మనిషి సంగతి మరొకటి. తెల్లవారుజామున లేచి, ఇంటిల్లిపాది పొట్టకూ సరిపడా దంపుకుని, ఆ తర్వాత పొలం పనికి పరుగెత్తే ఆడమనిషికి మర ఒక వరం. దంపుడు పాటలు ఎంత బాగుంటాయో అని మనం సాహిత్య సభల్లో మురిసిపోతాం గాని, రోకలి ఎత్తిన భుజాన్నడిగితే వేరే జవాబు వస్తుంది. పక్కింట్లో ఆ రోకలే జీవనాధారమైన మనిషికి అదే మర పిడుగైంది. ఎవరికీ కనపడకుండా జరిగినది ఇంకొకటుంది. వెనక దంపిన మనిషి గేదెకు పోయే తవుడు ఇప్పుడు మిల్లు యజమాని సరుకైంది, నూనె తీసే ఫ్యాక్టరీకి పోయింది. మిల్లరు ధాన్యం కొనేవాడూ తానే, తూచేవాడూ తానే, చాలాచోట్ల రైతుకు అప్పిచ్చేవాడూ తానే అయ్యాడు. మర చేసిన నష్టంకంటే, మర చుట్టూ అల్లుకున్న ఈ పెత్తనం చేసిన నష్టం ఎక్కువని నా అభిప్రాయం.

రెండోది విత్తనం. దీన్ని యంత్రమంటారా అని ఎవరైనా అడగవచ్చు. ఇనుముతో చేసిన ఏ యంత్రమూ మన పల్లెను ఇంతగా మార్చలేదు.

1960-61లో కేంద్రం దేశంలో ఏడు జిల్లాలను ఎంచుకుని "ప్యాకేజీ ప్రోగ్రాం" మొదలుపెట్టినప్పుడు మన పశ్చిమగోదావరి అందులో ఉంది. ఎరువు, విత్తనం, అప్పు, సలహా అన్నీ ఒక్కచోట కుమ్మరించి దిగుబడి పెంచాలన్నది ఉద్దేశం. కాని పాతరకాల వరి పొడుగ్గా పెరిగేది. ఎరువు ఎక్కువ వేస్తే వెన్ను బరువుకి చేను చేనంతా పడిపోయేది. 1966లో ఫిలిప్పైన్స్ పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 విడుదల చేసింది. ఇండోనేషియా రకాన్నీ తైవాన్ పొట్టిరకాన్నీ కలిపి తీసిన వంగడం అది. కాడ పొట్టి, ఎంత ఎరువు వేసినా నిలబడుతుంది, కాలం తక్కువ, పైగా ఏ రుతువులో వేసినా పండుతుంది. మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దీన్ని పండించి "మిస్టర్ ఐ.ఆర్.8" అనే పేరే తెచ్చుకున్నారు. అన్నం రుచి మాత్రం అంతంతమాత్రమే, పురుగు బెడదా ఎక్కువే. అయినా డెల్టాలో సార్వా తర్వాత దాళ్వా గట్టిగా నిలబడటానికి ఇలాంటి తక్కువకాలపు రకాలే మూలం.

విత్తనానికి ఎకరమూ తెలియదు, వందెకరాలూ తెలియదు. ట్రాక్టరును పావు ముక్క కొనుక్కోలేం. విత్తనాన్ని కుంచెడైనా కొనుక్కోవచ్చు. కాబట్టి ఇది చిన్నరైతుకీ పెద్దరైతుకీ సమానంగా పనికివచ్చే సాధనమని శాస్త్రజ్ఞులు అన్నారు. కాగితం మీద అది నిజమే. చేలోకి దిగేసరికి విత్తనం ఒంటరిగా రాదని తేలింది. దానికి వేళకు నీరు కావాలి, బస్తాల కొద్దీ ఎరువు కావాలి, ఎరువుకు ముందుగా రొక్కం కావాలి. ఫ్రాన్సిన్ ఫ్రాంకెల్ అనే అమెరికన్ పండితురాలు ఇలాంటి అయిదు జిల్లాలు తిరిగి 1971లో పుస్తకం వేసింది. పశ్చిమగోదావరి వాటిలో ఒకటి. పెట్టుబడి పెట్టగలిగిన రైతు ముందుకు దూసుకుపోయాడనీ, చిన్నకమతాలవాళ్లూ కౌలుదార్లూ వెనకబడ్డారనీ ఆమె తేల్చింది. మరో ప్యాకేజీ జిల్లా అయిన తంజావూరులో 1968 డిసెంబరు 25 రాత్రి, కూలి పెంచమని అడిగిన గొడవలో, కీళ్‌వెణ్మణి గ్రామంలో 44 మంది దళితులను గుడిసెలో పెట్టి తగలబెట్టారు. 1969లో కేంద్ర హోంశాఖే వ్యవసాయరంగంలో పెరుగుతున్న ఉద్రిక్తతల మీద నివేదిక తయారుచేయవలసి వచ్చింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే రెండో పక్షం గెలిచినట్టే. కాని ఆగలేదు. తమిళనాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో హేజెల్, రామసామి అనేవాళ్లు ఏళ్ల తరబడి పల్లెలను పరిశీలించి 1991లో ప్రచురించిన గ్రంథంలో, చిన్నరైతులూ భూమిలేని కూలీలూ కూడా గణనీయంగానే బాగుపడ్డారని రాశారు. రెండు పంటలంటే రెండు ఊడ్పులు, రెండు కలుపులు, రెండు కోతలు. పనిదినాలు పెరిగాయి. మన దగ్గర మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి వచ్చాయి. ఇవి ప్రభుత్వ కేంద్రాల్లో పుట్టిన రకాలు, సంకర విత్తనాలు కావు. ఒకసారి తెచ్చుకుంటే రైతు తన గాదెలోంచే మళ్లీ విత్తుకోవచ్చు, వియ్యంకుడికీ ఇవ్వవచ్చు. పేద రైతు ఇంటికి ఆ రకాలు చేరడానికి సగం కారణం ఇదే. ప్రతి ఏడూ కంపెనీ సంచీ కొనాల్సిన విత్తనమే అయితే ఇలా పాకేది కాదు.

బియ్యం కొనుక్కు తినేవాడి మాటేమిటి? పల్లెలో అందరికంటే బీదవాడు ధాన్యం అమ్మేవాడు కాదు, కొనేవాడు. బియ్యం ధర నిలకడగా ఉంటే మొదటి లాభం వాడిది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వగలిగిందంటే, ఆ పథకం వెనక రాజకీయం ఎంత ఉన్నా, డెల్టాలో మిగులు ధాన్యం ఉండబట్టే, మిల్లుల నుంచి లెవీ వసూలు చెయ్యగలగబట్టే. అంటే పొట్టి వంగడం తనంతట తాను బీదవాడి కంచంలోకి నడిచి రాలేదు. దాన్ని అక్కడికి చేర్చింది రేషను షాపు.

మరి నష్టపోయిందెవరు? ఇద్దరు కనిపిస్తారు. ఒకరు కౌలురైతు. దిగుబడి పెరిగినప్పుడల్లా ఎకరానికి ఇన్ని బస్తాలన్న కౌలు కూడా పెరిగింది. కొత్త విత్తనం ఇచ్చిన అదనపు బస్తాల్లో మంచి భాగం కాలు తడవని భూస్వామి ఇంటికి చేరింది. 1956 నాటి కౌలుదారీ చట్టం ఉన్నా ఒప్పందాలన్నీ నోటిమాటగానే నడిచాయి. కాగితం లేదు గనుక బ్యాంకు అప్పు లేదు, తుపాను వస్తే నష్టపరిహారం లేదు. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం భూయజమాని ఒప్పందం మీద సంతకం చేస్తేనే కార్డు అంది. సంతకం పెట్టే యజమానులు ఎంతమంది ఉంటారో పల్లె నుంచి వచ్చిన విద్యార్థులకు చెప్పనక్కర్లేదు.

రెండోవాడు, కాస్త విచిత్రంగా, ఆలస్యంగా వచ్చిన రైతు. విల్లార్డ్ కోక్రేన్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త 1958లోనే దీన్ని గానుగెద్దు నడకలాంటిదిగా వర్ణించాడు. కొత్త పద్ధతి ముందు పట్టుకున్నవాడికి ఖర్చు తగ్గి లాభం వస్తుంది. అందరూ పట్టుకునేసరికి సరుకు పెరిగి ధర పడుతుంది. అప్పుడు చేరినవాడికి లాభం ఉండదు, చేరకపోతే నష్టం తప్పదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కాలవ నీళ్లున్నాయి, వంగడాలున్నాయి, ఎరువులున్నాయి, తరాల అనుభవం ఉంది. ధర మాత్రం ఖర్చుకు చాలలేదు. చుట్టూ కాలవలున్న సీమలో పొలాలు బీడు పెట్టుకోవాల్సిన స్థితి ఎలా దాపురించిందో తెలియాలంటే కోక్రేన్‌ను చదవాలి.

కాలవ కింది వరిని వదిలి కాసేపు మెట్టకు వెళ్దాం. నా లెక్కలో అన్నిటికంటే క్రూరంగా పనిచేసిన సాధనం అక్కడ ఉంది. అది బోరు.

రాయలసీమలోనూ తెలంగాణలోనూ నేల కింద ఎక్కువగా గట్టి రాయి. రాతి పగుళ్లలో ఊరిన నీరే నీరు. వెనక బావి మీద కపిల తోలేవారు. ఎద్దుల బలం ఎంతో తోడే నీరూ అంతే. మోతుబరి బావి అయినా, బక్కరైతు బావి అయినా ఎద్దుకు రెక్కలు రావు గదా. ఆ పాత పనిముట్టు చేతగానితనమే ఇరుగుపొరుగుకు రక్షణగా ఉండేది. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు, రిగ్గు బండ్లూ వచ్చాయి. నూరు అడుగుల్లో పడే నీరు మూడొందలకూ, ఆరొందలకూ, కొన్నిచోట్ల వెయ్యి అడుగులకూ దిగిపోయింది. ఇక్కడ పోటీ తీరు గమనించండి. నేను మంచి విత్తనం వేస్తే పక్క రైతు దిగుబడి తగ్గదు. నేను లోతుగా బోరు వేస్తే పక్క రైతు బావి ఎండుతుంది. అతను ఇంకా లోతుకు వెయ్యాలి, దానికి అప్పు చెయ్యాలి, నీరు పడకపోతే మళ్లీ వెయ్యాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసేవాడు ఒకచోట చూపిస్తాడు. పడితే అతని మహిమ, పడకపోతే రైతు రాత. ఎండిన చీనీ తోటలు నరికి వంటచెరకుగా అమ్ముకున్న కుటుంబాలు అనంతపురం జిల్లాలో ఎన్నో. అప్పిచ్చినవాడికి మాత్రం ఏ బోరూ ఎండలేదు.

2004లో ఉచిత కరెంటు వచ్చింది. అది రైతుకు ఊరట కాదని ఎవరూ అనలేరు. కాని బోరున్న రైతుకే అది ఊరట. వాన కోసం ఆకాశం చూసే రైతుకు అందులో పైసా రాదు. మోటార్లు ఎన్ని ఎక్కువుంటే రాయితీ అంత ఎక్కువ. 2002 నాటి వాల్టా చట్టం బోర్లకు అనుమతి ఉండాలనీ, బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించాలనీ చెప్పింది. రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి తవ్విపోతుంటే అర్ధరాత్రి దూరం కొలిచేదెవరు?

అయినా వేరే దారి లేకపోలేదు. 2003 నుంచి కొన్నేళ్లపాటు ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. రైతులే, అందులో చదువు అంతంతమాత్రమైన స్త్రీలూ పురుషులూ, తమ ఊరి బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఊరందరి ముందూ గోడ మీద పెట్టారు. ఇంత నీరుంది, ఈ పంటలు వేస్తే ఇంత ఖర్చవుతుంది అని లెక్క చూసుకుని ఎవరి పంట వాళ్లు ఎంచుకున్నారు. చాలామంది వరి తగ్గించుకున్నారు. ఏ పోలీసూ రాలేదు, ఏ జరిమానా వెయ్యలేదు. మోటారుకంటే చవకైన కొలబద్ద, తాడూ చేసిన పని అది.

కోతమిషను సంగతి అందరూ చూస్తున్నదే గనుక ఎక్కువ రాయను. పదిమందికి పైగా వంగి రోజంతా కోసి, కట్టలు కట్టి, కుప్పేసి, నూర్చే పనిని అది గంటో గంటన్నరో తిరిగి ముగిస్తుంది. సొంతంగా కొనే శక్తి ఎవరికోగాని ఉండదు, కాని గంటకింత అని అద్దెకు దొరుకుతుంది. ఆ మేరకు చిన్నరైతుకూ అందుబాటే. కూలీలను ఇది వెళ్లగొట్టిందా, కూలీలు దొరక్క ఇది వచ్చిందా అనే ప్రశ్నకు ఊరూరా జవాబు వేరు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలయ్యాక కూలిరేటుకు ఒక అడుగుమట్టం ఏర్పడింది. దాన్ని తిట్టుకుంటూ మిషను పిలిచిన రైతులున్నారు. కుర్రకారు పట్నాల్లో కట్టడం పనులకు పోవడమూ అంతే పెద్ద కారణం. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లే కోత కూలిని పోగొట్టుకున్నారు. చేలో రాలిన వెన్నులు ఏరుకునే పరిగె కూడా పోయింది. నడుం వంచే పని తప్పినందుకు వాళ్లెవరూ ఏడవరు. ఏడిస్తే దాని బదులు మరో పని దొరకనందుకు.

ఈ మిషనుకి ఇంకో మెలిక ఉంది. అది కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. కళ్లం ఉన్నవాడు ఆరబెట్టుకుంటాడు. లేనివాడు తారురోడ్డు మీద ఆరబోసుకుని మబ్బు చూసి గుండె పట్టుకుంటాడు, లేదా మిల్లు దగ్గర "తరుగు" పేరిట కోత పెట్టించుకుంటాడు. మిషను అద్దె ఇద్దరికీ ఒకటే. చేతికొచ్చే డబ్బు మాత్రం వేరు.

ఇదంతా పొలం గొడవ, చదువుకున్న మనకేం అనుకుంటే పొరపాటు. జాన్ టిన్‌బర్జెన్ 1970లలోనే విద్యకూ సాంకేతికతకూ మధ్య పరుగుపందెం సాగుతోందన్నాడు. విద్య ముందుంటే అంతరాలు తగ్గుతాయి, వెనకబడితే పెరుగుతాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మన తెలుగు కుర్రకారు లక్షల్లో ఆ పందెంలో గెలిచిన వైపున నిలబడ్డారు. అందులో కౌలురైతుల బిడ్డలూ ఉన్నారు, అది చిన్న విషయం కాదు. 2020లో కాలేజీలు మూసి ఆన్‌లైన్ పాఠాలు పెట్టినప్పుడు ఇంటికి ఒకే ఫోను ఉన్నవాళ్లూ, సిగ్నలు కోసం గుట్ట ఎక్కినవాళ్లూ ఎటు నిలబడ్డారో మన తరగతుల్లోనే చూశాం. 2022 చివరి నుంచి మాటలు రాసే, ప్రోగ్రాములు రాసే కృత్రిమ మేధ జనంలోకి వచ్చింది. ఇంతకాలం యంత్రం చేతిపనినే మింగుతుందని, మనది తలపని గనుక భయం లేదని అనుకున్నాం. దంపుడు కూలిమనిషిని అడిగిన ప్రశ్నే ఇప్పుడు బి.టెక్. పట్టా చేతపట్టుకున్నవాణ్ణి అడుగుతోంది: ఈ పని పోతే నీ చేతిలో రెండో పని ఉందా? ఆ మర ఎవరిది?

వరిచేలోకి వస్తున్న తాజా సాధనం డ్రోను. వీపున డబ్బా కట్టుకుని మందు కొట్టే కూలి సగం మందు తానే పీలుస్తాడు. డ్రోను ఎకరానికి పది నిమిషాల్లోపే కొట్టేసిపోతుంది. ఆరోగ్యం మాటకొస్తే ఇది రావాల్సిందే. 2023లో కేంద్రం 15,000 మహిళా స్వయం సహాయక బృందాలకు డ్రోన్లు ఇచ్చే పథకం ఆమోదించింది. ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం. కోతమిషను వచ్చినప్పుడు దాని యాజమాన్యం ఎవరిదని ఎవరూ అడగలేదు. ఈసారి కనీసం కాగితం మీద యాజమాన్యం ఆడవాళ్ల సంఘానికి రాశారు. మిగతా నాలుగో వంతు కంటే తక్కువ సొమ్ముకి సంఘం తెచ్చే అప్పు ఎన్నాళ్లలో తీరుతుంది, బ్యాటరీ పాడైతే బాగుచేసేవాడు మండలంలో ఉన్నాడా, సీజను రెండు నెలలే గనుక మిగతా పది నెలలు దానికి పనేమిటి, మొన్నటిదాకా ట్యాంకుకింత అని కొట్టిన కూలికి ఆ సంఘంలో తన భార్య సభ్యురాలైనా అయిందా. ఈ వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లేవాళ్లు తమ ఊరి సంఘం పుస్తకం ఒకసారి తిరగేసి ఈ నాలుగు లెక్కలూ రాసుకొస్తే, వచ్చే ఏడాది డిబేటింగ్ పోటీకి కొత్త సరుకు దొరుకుతుంది.